పాత రివాల్వర్ వయసు కనుక్కోవడం ఎలా? బారెల్ మీది తారీఖుతో మోసపోకండి

మా మావయ్యది ఒడిశాలోని పర్లాకిమిడి. సెకండ్ హ్యాండ్‌లో పాత రివాల్వర్ ఒకటి కొన్నాడు. లైసెన్స్, కాగితాలు అన్నీ సక్రమంగానే చేయించుకున్నాడు గానీ డబ్బు మాత్రం దాని విలువకు మించి పోశాడు, ఎందుకంటే బారెల్ పైన వరసగా నాలుగైదు తారీఖులు చెక్కి ఉన్నాయి, అన్నీ 1870లు, 1880ల నాటివి. అమ్మినాయన వాటిమీద వేలు పెట్టి చూపించి "రాజావారి కాలం నాటి సరుకండీ" అన్నాడట, ఈయన పడిపోయాడు. నేను వెళ్లినప్పుడు గుడ్డ విప్పి చూపిస్తూ "ఒరే అల్లుడూ, ఇది చేసినప్పటికి మా తాత కూడా పుట్టలేదురా" అన్నాడు. నేను తిరగేసి పిడి అడుగున నంబర్ చూశాను. రెండు లక్షల ఇరవై వేలు దాటి ఉంది. మావయ్య తాత అప్పటికి పుట్టడమేమిటి, పిల్లల పెళ్లిళ్లు కూడా చేసి ఉంటాడు.

అది అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల .32 సేఫ్టీ హామర్‌లెస్. హామర్, అంటే తూటాని కొట్టి పేల్చే సుత్తి, బయటికి కనిపించదు, పిడి వెనక ఒక పలక ఉంటుంది, దాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. ఈ రకాన్ని 1888 నుంచి 1937 దాకా చేశారు. మొత్తం మూడు మోడళ్లు, అందులో నంబర్ 1,70,000 దాటినవన్నీ మూడో మోడల్, అంటే 1909 తరువాతివి. మరి బారెల్ మీద ఆ పాత తారీఖులేమిటంటే, అవి పేటెంట్ తారీఖులు. ఈ పనితనం మాది, కాపీ కొడితే కోర్టుకు లాగుతాం అని పోటీవాళ్లకు చెప్పడానికి పేటెంట్ వచ్చిన తేదీల్ని బారెల్ మీద కొట్టేవాళ్లు, ఆ తరువాత చాలా ఏళ్లు అవే అక్షరాలు కొడుతూ పోయారు. వాటివల్ల తేలేది ఒక్కటే: ఆ తుపాకీ ఆఖరి పేటెంట్ తారీఖు కంటే ముందుది అయ్యుండదు. తరువాత ఎంతకాలానిదైనా కావచ్చు. మా జిల్లాల్లో పాత తుపాకీల బేరాల్లో సగం మోసం ఇక్కడే జరుగుతుంది, అమ్మేవాడు కావాలని చేసినా, పాపం తెలియక చేసినా.

లోపలికి వెళ్లేముందు చట్టం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే "వందేళ్లు దాటింది కదా, లైసెన్స్ ఎందుకు" అనేవాళ్లు గుణుపురం నుంచి జయపురం దాకా ప్రతి ఊళ్లో ఒకరుంటారు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక తుపాకీగా పనికిరాని వాటికే. పేలేదైతే, చిన్న స్ప్రింగ్ వేస్తే పేలేదైతే, వయసు ఎంతైనా లైసెన్స్ కావాల్సిందే. వందేళ్లు దాటితే పురావస్తువు అవుతుందనే మాట 1972 నాటి వేరే చట్టంలోది, దాన్ని దేశం దాటించకూడదని చెప్పేది, దాన్ని పట్టుకుని లైసెన్స్ లేకుండా బీరువాలో పెట్టుకుంటే నేరుగా జైలుకే. నంబర్ చెరిపేసిన తుపాకీ అయితే బేరం దాకా కూడా వెళ్లకండి, ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి. 8వ సెక్షన్ ప్రకారం అలాంటిది మీ దగ్గర దొరికితే, చెరిపింది మీరు కాదని మీరే రుజువు చేసుకోవాలి.

ఇంకొకటి, బోరు, అంటే గొట్టం లోపలి కొలత. .380, .455 సర్వీసు తూటాలు పట్టే రివాల్వర్లు మన దేశంలో పీబీ, అంటే ప్రొహిబిటెడ్ బోర్. వాటికి లైసెన్స్ ఇచ్చేది కేంద్ర హోం శాఖ, కలెక్టరు గారి చేతిలో ఉండదు. అందుకే మామూలు జనం దగ్గర కనిపించేవి దాదాపు అన్నీ .32లే. ఎవరైనా ఆ తూటాలు పట్టే ఇంగ్లండ్ రివాల్వర్లు, వెబ్లీ మార్క్ సిక్స్ అనో, ఎన్‌ఫీల్డ్ నంబర్ టూ అనో చూపిస్తే అది ఎంత అందంగా ఉన్నా ముందు కాగితం అడగండి.

ఇక చూడ్డం మొదలుపెడదాం. చూసేటప్పుడు లైసెన్స్‌దారు ఎదురుగా ఉండాలి, లేదా డీలర్ కొట్లోనే చూడాలి. మొదట సిలిండర్ తెరిచి ప్రతి గదీ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, ఆపైన వేలు పెట్టి కూడా చూసుకోండి, "ఖాళీదేలేండి" అన్న మాట నమ్మొద్దు. తెరిచే పద్ధతే మీకు సగం జాతకం చెబుతుంది. వెబ్లీ అయితే ఎడమవైపు బొటనవేలికి అందే మీట నొక్కితే బారెల్ ముందుకి వంగి మడత విప్పినట్టు విచ్చుకుంటుంది. సిలిండర్ పక్కకి బయటికొచ్చే రకాల్లో స్మిత్ అండ్ వెస్సన్ బొడిపెను ముందుకి తోయాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి. వెనకనుంచి చూస్తే కోల్ట్ సిలిండర్ గడియారం ముల్లులా కుడికి తిరుగుతుంది, స్మిత్‌ది ఎడమకి. ఇదెందుకు చెబుతున్నానంటే 1910ల నుంచి 1930ల దాకా స్పెయిన్‌లోని ఐబార్ ఊళ్లో ఈ రెండు కంపెనీల తుపాకీలకు కుప్పలుతెప్పలుగా నకళ్లు చేశారు, వాటిలో బయట కోల్ట్ వేషం వేసుకుని లోపల స్మిత్ యంత్రం ఉన్నవి కూడా ఉన్నాయి. బొడిపె ఒక కంపెనీది, తిరుగుడు ఇంకో కంపెనీది అయితే అక్కడే ఆగండి. ఆ నకళ్ల బారెల్ మీద స్మిత్ అండ్ వెస్సన్ అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, దగ్గరగా చదివితే అది "స్మిత్ అండ్ వెస్సన్ తూటాలకు" అని ఉంటుంది. తుపాకీ పేరు కాదు, తూటా పేరు!

నంబర్ల సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి, అసలుదనం అంతా అక్కడే తేలుతుంది. పాత స్మిత్ రివాల్వర్లలో ఒకే నంబర్‌ను చాలా చోట్ల కొట్టేవాళ్లు: పిడి అడుగున, సిలిండర్ వెనక ముఖం మీద, బారెల్ కింద, ఖాళీ తూటాలు తోసే నక్షత్రం ముక్క వెనక, కుడివైపు పిడి చెక్క లోపలివైపు. అన్నీ ఒకటే అయితే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి కుటుంబంతోనే ఉన్నట్టు. సిలిండర్ నంబర్ వేరైతే ఎప్పుడో ఇంకో తుపాకీ సిలిండర్ తెచ్చి వేశారన్నమాట, అలాంటిది పేల్చడానికి పనికొస్తుందేమో గానీ పాతవస్తువుగా విలువ బాగా పడిపోతుంది. వెబ్లీల్లో ఫ్రేం మీద, సిలిండర్ మీద చూడండి. కోల్ట్ పోలీస్ పాజిటివ్ లాంటి వాటిలో సిలిండర్ బయటికి తీసినప్పుడు కనిపించే చేతి మీద, దానికి ఎదురుగా ఫ్రేం మీద ఉంటుంది.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, మా జయపురం బావ అందులో పడ్డాడు. పక్కకి తెరుచుకునే స్మిత్‌లలో సిలిండర్ చెయ్యి వెనక, ఫ్రేం సందులో ఒక నంబర్ ఉంటుంది. అది ఫ్యాక్టరీలో ముక్కల్ని జతపరచడానికి వేసుకున్న నంబర్, సీరియల్ నంబర్ కాదు. అసలుది పిడి అడుగున ఉంటుంది. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట ఎవరో గుమాస్తా పిడి మీద రబ్బరు తొడుగు ఉందని ఈ సందులోని నంబరే లైసెన్స్ పుస్తకంలో రాసేశాడు, అది అలాగే చేతులు మారుతూ వచ్చింది. రెన్యువల్‌లో ఇంకో అధికారి పిడి తొడుగు తీసి చూసేసరికి పుస్తకంలో ఒకటి, ఇనుము మీద ఒకటి. బావకి నెలరోజులు నిద్రలేదు, అంత టెన్షన్ పడ్డాడు, చివరికి అర్జీ పెట్టి సరిచేయించుకున్నాడు గానీ ఆఫీసు చుట్టూ తిరిగిన చెప్పులు అరిగిపోయాయి. కాబట్టి కొనేముందే పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూడండి. అదే సందులో 1957 నుంచి మోడల్ నంబర్ కూడా కొట్టారు, అది కనిపిస్తే తుపాకీ 1957 కంటే ముందుది కాదు. స్క్రూలు కూడా లెక్కపెట్టొచ్చు: పక్క పలకకి పైమూల స్క్రూ 1955 ప్రాంతంలో పోయింది, ట్రిగ్గర్ గార్డ్ ముందరి స్క్రూ 1961 ప్రాంతంలో పోయింది. పాతవాటిని ఐదు స్క్రూలవి అంటారు.

ఇంగ్లండ్ తుపాకీలకు పేటెంట్ తారీఖుల కంటే ప్రూఫ్ ముద్రలు మంచి సాక్ష్యం. బారెల్‌నీ సిలిండర్‌నీ ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించాక ప్రూఫ్ హౌస్ వాళ్లు కొట్టే చిన్న ముద్రలివి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 చట్టంతో ఏర్పడింది. కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. అనే అక్షరాలుంటే 1904 తరువాతి పరీక్ష. ఎన్.పి. అంటే పొగలేని మందుకు పరీక్షించినట్టు. ఈ ముద్ర లేని పాత తుపాకీలో ఇప్పటి తూటా వేయడమంటే మీ చెయ్యిని పందెం కాయడమే, పాత నల్ల తుపాకిమందు కాలం నాటి ఇనుము ఇప్పటి మందు ఒత్తిడికి తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. 1921 నుంచి కొన్నేళ్లపాటు, మళ్లీ 1950 నుంచి, బర్మింగ్‌హామ్ వాళ్లు అడ్డంగా పెట్టిన రెండు ఈటెల గుర్తు పక్కన ఏడాదికొక అక్షరం కూడా కొట్టారు, అది దొరికితే పరీక్షించిన ఏడాదే దొరికినట్టు. అయితే ప్రూఫ్ ముద్రకీ ఒక తిరకాసుంది. బారెల్ మార్చినా, తుపాకీ చాలాకాలం తరువాత మళ్లీ అమ్మకానికి వచ్చినా మళ్లీ పరీక్షించి ఉండొచ్చు, కొత్త ముద్ర పడి ఉండొచ్చు. అందుకే ఒక్క ముద్రతో తీర్పు చెప్పకండి.

పేరు కూడా కాలం చెబుతుంది. పి. వెబ్లీ అండ్ సన్ అని ఉంటే పాతది, వెబ్లీ అండ్ స్కాట్ అని ఉంటే 1897 తరువాతదే, ఎందుకంటే ఆ కంపెనీలు కలిసింది అప్పుడు. వెబ్లీ అన్న పేరు కనబడగానే ఇంగ్లీషు దొరలనాటిదని కూడా అనుకోవద్దు, 2020 చివర్లో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో ఆ పేరుతో .32 రివాల్వర్ల తయారీ మళ్లీ మొదలైంది. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 కూడా వెబ్లీ పోలికే, అలాగే మధ్యలో విరుగుతుంది. కొత్తగా పాలిష్ పెట్టి, పాత పిడి చెక్కలు తగిలిస్తే తెలియనివాడికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కాన్పూర్‌ది తప్పు సరుకు అని కాదు, దాని ధర దానికి పెట్టండి అంటున్నాను.

బెల్జియం సరుకు మన వైపు తక్కువేం కాదు. సిలిండర్ మీద కోడిగుడ్డు ఆకారంలో గీతలోపల ఇ.ఎల్.జి. అని ఉంటే లీయేజ్ ఊళ్లో పరీక్షించినట్టు. ఆ గుడ్డుమీద కిరీటం లేకపోతే 1893 జులైకి ముందుది, కిరీటం ఉంటే ఆ తరువాతది. ఇంత తేలికగా వయసు చెప్పే ముద్ర ఇంకోటి లేదు, నాకు మహా ఇష్టం. సైన్యం సరుకైతే బాణం గుర్తు ఉంటుంది. బాణం కింద ఐ అక్షరముంటే ఇండియా స్టోర్సుది. రెండు బాణాలు మొన మొనా ఆనించినట్టుంటే సర్కారు అధికారికంగా అమ్మేసినట్టు. ఆ రెండో గుర్తు లేకుండా సైన్యపు సరుకు ఇంట్లో ఎలా తేలిందో అమ్మేవాణ్ని అడగండి.

పైపట్టీ మీద కలకత్తా మాంటన్ అనో, ఆర్.బి. రోడా అనో, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ అనో కనిపిస్తే సంబరపడండి గానీ, వాళ్లు చేసినవాళ్లని అనుకోకండి. విదేశం నుంచి తెప్పించిన రివాల్వర్ల మీద ఇలా అమ్మిన కొట్టు పేరు చెక్కించేవాళ్లు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు ఎత్తుకుపోయింది ఆ రోడా కంపెనీ సరుకులోంచే. మా గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి పర్లాకిమిడి, బరంపురం పాత ఇళ్లలోని తుపాకీ మీద మద్రాసు కొట్టు పేరుంటే అందులో వింతేం లేదు, పైగా ఇంటివాళ్లు చెప్పే కథకి అదొక బలం. ఆ ఇంట్లో పాత లైసెన్స్ కాగితమో, కొన్న రసీదో దొరికితే తుపాకీతోపాటు దాన్నీ అడిగి తీసుకోండి.

ఇక మెరుపు. మావయ్య రివాల్వర్ పెళ్లికి కళాయి పెట్టించిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది, ఆయనకి అదే ముచ్చట. నాకు మొదట అనుమానం తెచ్చిందీ అదే. స్మిత్ వాళ్లు ఈ రకం తుపాకీలకి నికెల్ పూత వేసినప్పుడు ట్రిగ్గర్ గార్డ్‌కి మాత్రం నీలి పూత ఉంచేవాళ్లు, ట్రిగ్గర్‌కి నీళ్లమీద నూనె తేలినట్టుండే గట్టిపరిచిన రంగులుంటాయి. ఈయనదాంట్లో గార్డ్, ట్రిగ్గర్ అన్నీ తెలుపే. అంటే ఎవరో విప్పేసి, మొత్తం నికెల్ తొట్టిలో ముంచారు. నికెల్ కాకుండా నీలి పూత తుపాకీ అయితే ఇలా చూడండి: ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి అక్షరాల అంచులు చూడండి. ఫ్యాక్టరీ అక్షరం అంచు పదునుగా ఉంటుంది, బఫింగ్ చక్రం కింద పడ్డ అక్షరం కరిగిన సబ్బు మీది పేరులా ఉంటుంది. స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటపడితే, ఫ్రేం మూలలు గుండ్రంగా అయిపోతే చక్రం ఎక్కినట్టే. తుప్పు తిన్న గుంటల లోపల కూడా నీలిరంగు తళతళలాడుతుంటే పూత తుప్పు తరువాత వేసిందని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. సముద్రం గాలి తగిలే గోపాలపురం వైపు వందేళ్లు బతికిన ఇనుము ఒక్క మచ్చ లేకుండా ఉంటే నేనైతే మెచ్చుకోను, అనుమానిస్తాను. పిడి అడుగున సీరియల్ దగ్గర చిన్న నక్షత్రం ముద్ర ఉంటే మాత్రం అది వేరే సంగతి, స్మిత్ ఫ్యాక్టరీకే వెనక్కి పంపి బాగుచేయించినట్టు, పిడి చెక్క కింద ఆ తారీఖు కూడా దొరకొచ్చు. మావయ్యదాంట్లో నక్షత్రం లేదు. పిడి చెక్క లోపలి నంబరూ వేరు.

అక్షరాలు బాగా అరిగితే సుద్దముక్క పొడి రాసి తుడవండి, గాట్లలో తెలుపు నిలిచి చదవడానికి వస్తుంది. ఉప్పుకాగితం మాత్రం తగలనివ్వకండి, ఆ పైపొరే దాని విలువ. అక్షరాలు చదువుతున్నప్పుడు స్పెల్లింగ్ కూడా చూడండి. బీహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల దొంగచాటుగా చేసే నాటు సరుకు మీద విదేశీ పేర్లు తప్పులతడకగా ఉంటాయి, అక్షరం ఒకటి పైకి ఒకటి కిందకి, లోతు ఒక్కోదానికి ఒక్కోరకం. అలాంటిది చూశాక బేరమాడుతూ కూర్చోవద్దు.

బారెల్ కోసేశారేమో చూడండి. పైన రాసిన మాటలు బారెల్ పొడవుకి మధ్యలో లేకుండా మూతివైపుకి జరిగి ఉంటే, ముందరి గురి మేకు అతికించినట్టుంటే, మూతి అంచు ఆకురాయితో రుద్దినట్టుంటే కోసేసినట్టే. ఆ తరువాత బారెల్‌లోంచి వెలుగు వైపు చూస్తే లోపల ఎక్కడైనా నల్ల ఉంగరం లాంటి నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బింది, లోపల తూటా ఇరుక్కుని ఉండగా వెనక ఇంకోటి పేల్చారు. మధ్యలో విరిగే రకాల్లో మూసి పట్టుకుని బారెల్‌ని పక్కలకి కదిపి చూడండి, కీలు లొడలొడలాడితే అది చూపుకే తప్ప వాడకానికి కాదు. ఖాళీగా టపటపా ట్రిగ్గర్ నొక్కి చూడ్డం మన వాళ్లకి సరదా. వందేళ్ల నాటి స్ప్రింగో, సూదో విరిగితే ముక్క దొరకదు, అమ్మేవాడు పైసలు అడుగుతాడు, అడగడంలో తప్పూ లేదు.

తూటా కూడా తికమకే. మావయ్యది పొట్టి .32 స్మిత్ అండ్ వెస్సన్ తూటా పట్టేది. కాన్పూర్ .32 రివాల్వర్‌ది దానికంటే పొడుగు, లాంగ్ అంటారు. పొట్టిది పొడుగు గదిలో దూరుతుంది గానీ పొడుగుది పొట్టి గదిలో దూరకూడదు. దూరిందంటే ఎవరో గదుల్ని తొలిచేశారు, ఆ తుపాకీ అసలుతనం అక్కడితో పోయింది, పేల్చడం కూడా ప్రమాదం.

అన్నీ సరిపోయాక కొనేటప్పుడు, డీలర్ ద్వారా కాకుండా మనిషికి మనిషి అమ్ముకుంటే అమ్మేవాడు కలెక్టరుకో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలి. 2019 సవరణ తరువాత ఒక్కరికి రెండు ఆయుధాలే, ఇప్పటికే రెండుంటే ఎంత మంచి పాతదైనా మూడోది కుదరదు. పాతపట్నంలో అమ్మేవాడు, పర్లాకిమిడిలో కొనేవాడు అయితే రెండు రాష్ట్రాల కాగితాలు పడతాయి, నడిచి వెళ్లే దూరమే కదా అని చేతిసంచిలో పెట్టుకుని సరిహద్దు దాటకండి.

తెచ్చుకున్నాక ప్రతి ముద్రకీ, ప్రతి నంబర్‌కీ దగ్గరగా ఫోటో తీసి దాచుకోండి. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పజెప్పమంటారు, వానాకాలంలో అయితే నెలల తరబడి ఆ తేమ గదిలో ఉంటుంది. ఇచ్చేముందు పలచగా నూనె రాయండి, తోలు సంచిలో మాత్రం పెట్టి ఇవ్వకండి, తోలు నీరు పీల్చి ఇనుముకి అంటిస్తుంది. మావయ్య తనదాన్ని అలాగే తోలుసంచిలో ఇచ్చి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ తెల్ల పూత ఒకవైపు పొరలు పొరలుగా లేచి, కిందనుంచి పాత నీలిరంగు కనిపిస్తోంది. అంటే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నికెల్‌దే కాదు.